కడుపు నిండా తింటూనే ఉపవాస ఫలమా?

రాపమైసిన్ అనేది కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇచ్చే మందు. కొత్తగా పెట్టిన కిడ్నీని పరాయిదనుకుని ఒళ్లు దాని మీద దాడి చేయకుండా రోగనిరోధక వ్యవస్థను అణచి ఉంచుతుంది. ఇది రాసేటప్పుడు డాక్టర్లు ఇన్ఫెక్షన్ల గురించీ, కొలెస్టరాల్ గురించీ, నోటిపూత గురించీ ముందే హెచ్చరిస్తారు. అలాంటి మందును ఏ జబ్బూ లేనివాళ్లు, పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరుగెత్తి వచ్చేవాళ్లు, వారానికోసారి మింగుతున్నారు. ముసలితనం వాయిదా పడుతుందన్న ఆశతో.

నాకు తెలిసినవాళ్లలోనూ ఒకాయన ఉన్నారు. నన్నూ మొదలుపెట్టమంటారు. "ఎలుకల మీద ఇంత బాగా పనిచేసిన మందు ఇంకొకటి చూపించండి" అంటారు. చూపించడం కష్టమే. అయినా నేను వేసుకోను. అలాగని ఇదంతా డబ్బున్నవాళ్ల పిచ్చి, మందుల కంపెనీల మాయ అని కొట్టిపారేసేవాళ్లతోనూ గొంతు కలపలేను. దీని వెనకున్న సైన్సు గట్టిది. అది ఎంత గట్టిదో చూస్తేనే, అక్కణ్ణుంచి మాత్రలోకి దూకడంలో ఎంత తొందరపాటు ఉందో అర్థమవుతుంది.

ఒంట్లోని ప్రతి కణమూ క్షణక్షణం ఒక సంగతి తేల్చుకోవాలి: ఇప్పుడు పెరగాలా, ఉన్నదాంతో సర్దుకోవాలా? సరుకు లేనప్పుడు కొత్త కట్టడాలు మొదలుపెడితే చస్తుంది. సరుకు ఉన్నప్పుడు ఊరుకుంటే పక్కది ముందుకు పోతుంది. ఈ లెక్క తేల్చడంలో ముఖ్యమైనది ఎంటార్ అనే ప్రోటీన్. మరికొన్ని ప్రోటీన్లతో కలిసినప్పుడు దాన్ని ఎంటార్‌సీ1 అంటారు. తిండి అందిన సంగతి దీనికి తెలిసే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం లేనంతసేపూ సెస్ట్రిన్2 అనే ప్రోటీన్ దారికి అడ్డంగా ఉంటుంది. ల్యూసిన్ అణువు వచ్చి సెస్ట్రిన్2లో సరిగ్గా దాని కొలతకే ఉన్న ఒక గుంటలో ఇముడుతుంది. వెంటనే సెస్ట్రిన్ పట్టు వదులుతుంది. అర్జినైన్ కోసం ఇలాంటిదే క్యాస్టర్1 అని ఇంకొకటి ఉంది. అడ్డు తొలగగానే ఎంటార్‌సీ1 వెళ్లి లైసోజోమ్ పైపొరకు అతుక్కుంటుంది. లైసోజోమ్ అంటే కణంలో పాత సరుకును అరగదీసే సంచి. అక్కడ రెబ్ అనే మరో ప్రోటీన్ ఉంటుంది. ఇన్సులిన్ కబురు అందితే తప్ప రెబ్ దీన్ని పనిలోకి దించదు. బ్యాంకు లాకరు లాంటి ఏర్పాటన్నమాట: అమైనో ఆమ్లాల తాళంచెవి ఒకటి, ఇన్సులిన్ తాళంచెవి ఒకటి, రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది.

తెరుచుకున్నాక కణం ప్రోటీన్లు తయారుచేస్తుంది, కొవ్వులు తయారుచేస్తుంది, పెరుగుతుంది. అదే సమయంలో పాత సామాను కరిగించి వాడుకునే పని ఆగిపోతుంది. ఆ పనినే ఆటోఫజీ అంటారు. ఈస్ట్‌లో దాని గుట్టు విప్పినందుకు యోషినోరి ఒసుమికి 2016లో నోబెల్ వచ్చింది. తిండి ఆగితే ఎంటార్‌సీ1 లైసోజోమ్‌ను వదిలిపోతుంది, ఆటోఫజీ మళ్లీ మొదలవుతుంది. ఇదే లెక్కను శక్తి వైపునుంచి చూసేది ఏఎంపీకే అనే ఎంజైము. కణానికి ఇంధనం లాంటి ఏటీపీ తరిగి, అది ఖర్చయ్యాక మిగిలే ఏఎంపీ పెరిగితే అది మేల్కొని ఎంటార్‌ను వెనక్కి లాగుతుంది. (ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి కండరంలో గుర్తించింది మన యల్లాప్రగడ సుబ్బారావే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. ఈ కథలో మనవాడి పేరు వినిపించేది తక్కువ కనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను.)

ఇంతవరకూ జీవరసాయనం. దీనికీ ఆయుష్షుకీ ముడి ఎక్కడ పడింది? 1935లో కార్నెల్‌లో క్లైవ్ మెకే ఎలుకలకు పోషకాల్లో లోటు లేకుండా తిండి మాత్రం తగ్గిస్తే అవి ఎక్కువకాలం బతికాయి. ఎందుకో అర్థం కావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. 1993లో సింథియా కెన్యన్ బృందం మిల్లీమీటరు పొడవుండే ఒక నులిపురుగులో డాఫ్-2 అనే ఒక్క జన్యువు దెబ్బతింటే దాని జీవితకాలం రెట్టింపు దాటుతుందని చూపించింది. ఆ జన్యువు మన ఇన్సులిన్ రిసెప్టార్‌కు చుట్టమని 1997లో తేలింది. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 2007 నాటి పండు ఈగల ప్రయోగం. తిండి తగ్గించి ఎక్కువకాలం బతికిస్తున్న ఈగలకు ఈస్ట్ వాసన చూపించారు. తినడానికి పెట్టలేదు, ఉత్త వాసనే. తిండి తగ్గించడం వల్ల దక్కిన ఆయుష్షులో కొంత పోయింది.

అంటే ఇక్కడ పనిచేసేది తిండి ఒక్కటే కాదు, తిండి గురించిన వార్త కూడా. వార్తే ముఖ్యమైతే దొంగవార్త పంపవచ్చు కదా? కడుపు నిండా తింటూనే, కరువొచ్చిందని కణాలకు చెప్పే మందు. ఆయుష్షు మందుల ఆలోచన మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది.

దొంగవార్త మోసే అణువు మాత్రం ఎవరూ వెతకకుండానే దొరికింది. 1964లో కెనడా వైద్య బృందం ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్లి మట్టి నమూనాలు తెచ్చింది. మాంట్రియల్‌లోని ఎయర్స్ట్ కంపెనీలో సురేన్ సెహగల్ అనే శాస్త్రవేత్త, అవిభక్త పంజాబులో పుట్టినవాడు, ఆ మట్టిలోని బాక్టీరియా నుంచి బూజును చంపే పదార్థాన్ని వేరుచేశాడు. దీవి అసలు పేరు రాపా నుయి కాబట్టి మందు రాపమైసిన్ అయింది. 1980ల మొదట్లో కంపెనీ ఆ ల్యాబ్ మూసేసింది, ప్రాజెక్టు ఆగిపోయింది. సెహగల్ కొన్ని సీసాలు ఇంటికి తీసుకెళ్లి, 'తినకండి' అని రాసి ఫ్రీజర్‌లో దాచాడు. కొన్నేళ్ల తర్వాత యాజమాన్యం మారాక వాటిని బయటికి తీశాడు. 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో హైట్‌మన్, మొవ్వా, హాల్ ఈస్ట్‌లో ఈ మందు ఎక్కడ తగులుతోందో వెతికి టార్ జన్యువులను పట్టుకున్నారు. మన ఒంట్లో వాటికి జోడే ఎంటార్; రాపమైసిన్ అణిచేది దాన్నే. 1999లో కిడ్నీ మార్పిడి మందుగా అమెరికాలో అనుమతి వచ్చింది.

ఆ తర్వాత వచ్చిందే మా మిత్రుడు ఊరికే ఊరికే చెప్పే ఎలుకల ప్రయోగం. అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ డబ్బుతో మూడుచోట్ల ఒకేసారి ఒకే పద్ధతిలో ఎలుకల మీద మందులు పరీక్షిస్తారు. ఒక ల్యాబ్‌లో వచ్చిన ఫలితం ఇంకోచోట రాకపోవడం మామూలే కాబట్టి ఈ ఏర్పాటు. రాపమైసిన్ ఎలుకల మేతలో పాడైపోతుండటంతో దాన్ని పూత పూసిన సూక్ష్మమైన రేణువులుగా మార్చాల్సి వచ్చింది. ఆ పని ఆలస్యమై, మొదలుపెట్టేనాటికి ఎలుకలకు 600 రోజులు నిండాయి. మనుషుల లెక్కలో అరవై ఏళ్లు వచ్చినట్టు. ఇంత ముసలివాటి మీద ఏం పనిచేస్తుందిలే అనుకోవాల్సిన పరిస్థితి. 2009లో ఫలితం వచ్చింది: నూటికి తొంభై ఎలుకలు చనిపోయే వయసు ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం వెనక్కి జరిగింది. మూడు ల్యాబుల్లోనూ.

ఆ మూడు ల్యాబులే ఇంకా చాలా పేరున్న పదార్థాల గాలి తీసేశాయి. ఎర్ర ద్రాక్షలో ఉంటుందని పత్రికలు ఊదరగొట్టిన రెస్వెరట్రాల్‌తో ఎలుకల ఆయుష్షు పెరగలేదు. ఆ దారిలో మందులు తయారుచేస్తున్న సర్ట్రిస్ కంపెనీని 2008లో గ్లాక్సో 72 కోట్ల డాలర్లు పోసి కొని, 2013లో మూసేసింది. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఒక్కదానితోనూ చెప్పుకోదగ్గ పెరుగుదల రాలేదు. అందుకే రాపమైసిన్ ఫలితాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నమ్మదగిన పరీక్షలో, కష్టమైన వయసులో నెగ్గింది.

మరి ఇబ్బంది ఎక్కడ? ల్యాబ్ ఎలుకల్లో ఎక్కువ భాగం క్యాన్సర్‌తో పోతాయి. కణాల పెరుగుదలను ఆపే మందు ఇస్తే క్యాన్సర్ ఆలస్యమవుతుంది, ఆయుష్షు పెరుగుతుంది. అది ముసలితనం నెమ్మదించడమేనా, లేక ఒక జబ్బు వెనక్కి తగ్గడమా? 2013లో ఒక జర్మన్ బృందం దీన్నే పట్టుకుంది. మందు తీసుకున్న ముసలి ఎలుకల్లో కనిపించిన మంచి మార్పులు చాలావరకు అదే మందు తీసుకున్న కుర్ర ఎలుకల్లోనూ కనిపించాయి. ముసలితనం ఇంకా రాని ఎలుకలో కూడా అదే మార్పు వస్తే, దాన్ని ముసలితనం ఆగడం అని ఎలా అంటాం? మనుషుల్లో గుండె జబ్బు, పక్షవాతం, మతిమరుపు, నిమోనియా, తుంటి ఎముక విరగడం, ఇవన్నీ ఉన్నాయి. ఎలుకకు ఈ చిట్టా లేదు.

ఇంకొకటి, బోనులో బతికే జీవికి కరువు కబురు వల్ల నష్టం తెలియదు. డాఫ్-2 దెబ్బతిన్న దీర్ఘాయుష్షు పురుగులను మామూలు పురుగులతో కలిపి పెంచితే నాలుగు తరాల్లో ఆనవాలు లేకుండా పోయాయి, పిల్లల్ని పెట్టడంలో వెనకబడి. తిండి తగ్గింపు కూడా అందరికీ ఒకేలా పనిచేయదు. 2010లో 41 వంశాల ఎలుకలకు తిండి 40 శాతం తగ్గిస్తే, ఆయుష్షు పెరిగిన వంశాలకంటే తగ్గిన వంశాలే ఎక్కువ. అంత కోత మరీ ఎక్కువ అని విమర్శ వచ్చింది, సబబే. కానీ 2024లో దాదాపు వెయ్యి ఎలుకల మీద, ఒకదానికొకటి జన్యువులు కలవనివాటి మీద చేసిన పెద్ద అధ్యయనంలో తిండి తగ్గింపు సగటున ఆయుష్షు పెంచినా, జన్యువుల ప్రభావం అంతకంటే పెద్దదని తేలింది. పైగా తిండి తగ్గినా బరువు పెద్దగా కోల్పోనివే ఎక్కువకాలం బతికాయి. సన్నబడటమే దీర్ఘాయుష్షు అనుకునేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

కోతుల సంగతి రెండు మాటల్లో: విస్కాన్సిన్‌లో తక్కువ తిన్న కోతులు బాగుపడ్డాయని 2009లో చెప్పారు, వృద్ధాప్య సంస్థ కోతుల్లో ఆయుష్షు తేడా లేదని 2012లో చెప్పారు. విస్కాన్సిన్ కోతుల మేతలో పంచదార చాలా ఎక్కువ, పోలిక కోసం పెట్టిన కోతులు కావలసినంత తిన్నాయి. అతిగా తినకుండా ఉండటమే లాభం కావచ్చు.

మనుషుల్లో ప్రకృతి చేసిన ప్రయోగం ఒకటుంది. ఈక్వెడార్‌లో లారన్ సిండ్రోమ్ ఉన్న కుటుంబాలున్నాయి. పెరుగుదల హార్మోను వాళ్ల ఒంట్లో పనిచేయదు, చాలా పొట్టిగా ఉంటారు. 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం వాళ్లలో క్యాన్సర్, డయాబెటిస్ దాదాపు లేవు. అబ్బురమే. కానీ వాళ్లు బంధువులకంటే ఎక్కువకాలం బతకలేదు. ప్రమాదాలు, మూర్ఛలు, తాగుడు లాంటివాటితో పోయారు. జీవితం ఒక్క దారిలో ముగియదు కదా.

నా అసలు అభ్యంతరం కండరాల దగ్గర. మా అమ్మ ఎనభై దాటాక కుర్చీలోంచి లేవాలంటే రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద నొక్కిపెట్టి, ముందుకు వంగి, ఒకసారి ఊగి, ఆ ఊపులో లేచేది. జ్వరంతో వారం రోజులు మంచాన పడ్డాక ఆ ఊపు చాల్లేదు. తొడల్లో సరుకు పోయింది. తిండి సరిగ్గానే పెట్టాం, అయినా తిరిగి రాలేదు. వయసు మీదపడ్డ కండరం అమైనో ఆమ్లాల కబురు అందుకోవడంలో మొద్దుబారుతుంది. పాతికేళ్లప్పుడు కొద్దిపాటి ప్రోటీన్‌కే మొదలయ్యే కండ నిర్మాణం, డెబ్బై ఏళ్లప్పుడు అంతకంటే ఎక్కువ తింటే గానీ మొదలవదు. ఆ కబురు వెళ్లేది ఎంటార్ దారినే. 2009లో యువకులకు బరువుల వ్యాయామానికి ముందు రాపమైసిన్ ఇచ్చి చూస్తే, వ్యాయామం తర్వాత పెరగాల్సిన కండరాల ప్రోటీన్ తయారీ పెరగలేదు.

మెట్‌ఫార్మిన్ కథా ఇలాంటిదే. 65 దాటినవాళ్లతో 14 వారాలు బరువులెత్తించి, సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. 2019లో వచ్చిన ఫలితం: ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లకే ఎక్కువ కండ పట్టింది. ఆయుష్షు పెరగాలని మాత్ర వేసుకుని, ఆయుష్షుకు పనికొస్తుందని ఇప్పటికే బాగా తెలిసిన వ్యాయామం ఫలితాన్ని తగ్గించుకోవడం నాకు మింగుడుపడని బేరం.

ఎదురు సాక్ష్యం దాచను. ముసలి ఎలుకల కండరాల్లో ఎంటార్ అతిగా పనిచేస్తుందనీ, కాస్త తగ్గిస్తే కండ నిలుస్తుందనీ చూపించిన ప్రయోగాలున్నాయి. రోజూ కాకుండా వారానికోసారి వేసుకోవడానికీ కారణం ఉంది. ఎంటార్ ఇంకో కూటమిలో కూడా ఉంటుంది, ఎంటార్‌సీ2. మందు రోజూ పడితే అదీ దెబ్బతిని షుగర్ అదుపు తప్పుతుంది. మధ్యలో విరామం ఇస్తే దాన్ని కాపాడుకోవచ్చన్నది లెక్క. రాపమైసిన్ మీద మనుషుల్లో 48 వారాలు చేసిన పెర్ల్ ట్రయల్‌లో వారానికి 10 మిల్లీగ్రాములు తీసుకున్న ఆడవాళ్లలో కండ కొంత పెరిగిందని కూడా వచ్చింది. నా వాదనకు అది నేరుగా అడ్డం. కానీ ఆ ట్రయల్ ప్రధానంగా కొలవాలనుకున్న పొట్టలోపలి కొవ్వులో తేడా రాలేదు, మగవాళ్లలో ఆ కండ లాభం కనిపించలేదు. పైగా వాడిన మందు మామూలు రాపమైసిన్‌లో మూడోవంతు మాత్రమే రక్తంలోకి చేరే రకమని తర్వాత తెలిసింది. మందు మోతాదే స్పష్టంగా లేనప్పుడు దేనికి సంబరపడాలి?

రోగనిరోధక శక్తి విషయంలో కథ ఇంకా మలుపులు తిరిగింది. 2014లో జోన్ మానిక్ బృందం 65 దాటినవాళ్లకు రాపమైసిన్ తోబుట్టువు ఎవరోలిమస్‌ను తక్కువ మోతాదులో ఆరు వారాలు ఇచ్చి, రెండు వారాలు ఆపి, ఫ్లూ టీకా వేసింది. టీకాకు స్పందన సుమారు 20 శాతం మెరుగైంది. రోగనిరోధకతను అణచే మందు దాన్ని పెంచడం! నాకైతే ఈ మొత్తం రంగంలో ఆశ పుట్టించిన ఫలితం ఇదే. కానీ అదే దారిలో, వేరే అణువుతో, శ్వాసకోశ జబ్బులు తగ్గుతాయా అని చేసిన మూడో దశ ట్రయల్ 2019లో విఫలమైంది. ఆయుష్షు కోసం లక్షల డాలర్లు ఖర్చుపెట్టే బ్రయాన్ జాన్సన్ సుమారు ఐదేళ్లు రాపమైసిన్ వాడి 2024లో మానేశాడు. ఇన్ఫెక్షన్లు, కొవ్వుల తేడా, షుగర్ పెరగడం, కూర్చున్నప్పటి గుండె వేగం పెరగడం కారణాలని చెప్పాడు. ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. ఆయన బాగున్నానని చెప్పినప్పుడు మాత్రం చాలామంది దాన్ని రుజువుగా తీసుకున్నారు.

"రుజువు వచ్చేదాకా ఆగితే మనం ఉండం" అంటారు మా మిత్రుడు. ఈ మాటలో బలం ఉంది, నవ్వి వదిలేయలేం. నా జవాబు ఆస్పిరిన్. రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే గుండెకు మంచిదని ఎంతమంది ఆరోగ్యవంతులు వేసుకున్నారో లెక్కలేదు. చవక, పాతది, దాని తీరు అందరికీ తెలుసు. ఎక్కువగా 70 దాటిన ఆరోగ్యవంతులు 19,114 మందితో చేసిన ట్రయల్ 2018లో బయటికొచ్చింది. ఆరోగ్యంగా బతికే కాలం పెరగలేదు. పెద్ద రక్తస్రావాలు పెరిగాయి. చనిపోయినవాళ్లు ఆస్పిరిన్ వర్గంలో 5.9 శాతం, ఉత్త మాత్ర వర్గంలో 5.2 శాతం. ట్రయల్ పెట్టకపోయి ఉంటే ఈ తేడా ఏ డాక్టరు కంటికీ ఆనేది కాదు. నూటికి ఒకరికంటే తక్కువ తేడా, అదీ డెబ్బై దాటినవాళ్లలో. ఆయుష్షు మందుల్లో మంచైనా చెడైనా ఇంత సన్నగానే ఉంటుంది. వేసుకున్నాక హుషారుగా ఉందనిపించడం దాన్ని తూచలేదు.

మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగర్ రోగులు, షుగర్ లేనివాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతున్నారని 2014లో బ్రిటన్ రికార్డులు చూసి చెప్పారు. 2022లో డెన్మార్క్ రికార్డులతో చూస్తే అలా రాలేదు. జబ్బు ముదిరి వేరే మందులకు మారినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే, మిగిలినవాళ్లు ఆరోగ్యంగానే కనిపిస్తారు మరి. దీన్ని తేల్చడానికి 65 నుంచి 79 ఏళ్ల వాళ్లు 3,000 మందితో ఆరేళ్లు సాగే టేమ్ ట్రయల్‌ను వృద్ధాప్య పరిశోధకుడు నిర్ బర్జిలాయ్ తయారుచేశాడు. 2015లో అమెరికా మందుల నియంత్రణ సంస్థతో మాట్లాడారు కూడా. తర్వాత ఏళ్ల తరబడి డబ్బు కోసమే ఎదురుచూశారు. పేటెంట్ లేని పాత మందు మీద ఏ కంపెనీ అంత డబ్బు పెడుతుంది?

పెట్టాలనుకుంటే ఎలా చేస్తారో సెమాగ్లుటైడ్ చూపించింది. ఇదీ తిండి కబురు మోసే మందే, పేగుల్లో పుట్టే ఒక హార్మోనుకు నకలు. గుండె జబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేని 17,604 మందిని తీసుకుని, సగానికి ఈ మందు, సగానికి ఉత్త సూది ఇచ్చి, సగటున మూడేళ్లకు పైగా గమనించి లెక్కపెట్టారు. మందు తీసుకున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఖర్చు కంపెనీది, ఎందుకంటే మందు కంపెనీది. రాపమైసిన్, మెట్‌ఫార్మిన్ మీద అలాంటి ట్రయల్ పెట్టాల్సింది ప్రభుత్వాలే. కొంటున్నవాళ్లు అందరూ కలిసి ఈ ట్రయల్ కోసం గొడవపెట్టి ఉంటే బాగుండేది. దానికి బదులు ఎవరికివారు ఇంట్లో ప్రయోగం చేసుకుంటున్నారు, పోల్చి చూసుకునేందుకు ఎవరూ లేకుండా.

నా మనసు మార్చేది ఇది: 65 దాటిన కొన్ని వేలమంది, సగానికి వారానికోసారి అసలైన రాపమైసిన్, సగానికి ఉత్త మాత్ర, కనీసం మూడేళ్లు. ఆసుపత్రిపాలు చేసిన ఇన్ఫెక్షన్లు ఎన్ని, పడిపోవడాలు ఎన్ని, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలిగారు, ఎవరు పోయారు. అది మంచిగా వస్తే మా మిత్రుడి డాక్టరు నంబరు నేనే అడిగి తీసుకుంటాను. ఈలోగా ఆయన్ను మూణ్ణెల్లకోసారి షుగర్, లిపిడ్ పరీక్షలు చేయించుకోమని, ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ మందు సంగతి సర్జన్‌కు ముందే చెప్పమని పోరుతున్నాను. గాయం మానడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది. మొదటిది చేయిస్తున్నారు. రెండోదానికి "ఆపరేషన్ నాకెందుకు వస్తుంది?" అంటున్నారు.